పొగమంచులో స్కూలు బస్సు

నలభై తొమ్మిదో ఏట నేను స్కూలు బస్సు నడపడం నేర్చుకున్నాను. ఈ మాట చెబితే మనవాళ్ళు మొదట నవ్వుతారు. తరువాత, ఉన్న ఉద్యోగం పోయిందేమోనని జాలిగా చూస్తారు. పోలేదు. నేనే వదిలేశాను. కెనడాలోని విండ్సర్‌లో ఇంట్లో కూర్చుని ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. మా ఆయన రోజూ నది దాటి అమెరికా వైపున్న డెట్రాయిట్ వెళ్ళి ఐటీ ఉద్యోగం చేసి వస్తారు. అమ్మాయి గ్వెల్ఫ్‌లో చదువుకుంటోంది. ఏ లోటూ లేని జీవితం. అందులోకి ఇంత భయాన్ని కోరి ఎందుకు తెచ్చుకున్నానో చెప్పాలంటే తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే ఒక పాట్‌లక్ భోజనం దగ్గర మొదలుపెట్టాలి.

అది మా స్నేహితురాలి ఇల్లు. భోజనాలయ్యాక సేమ్యా పాయసం గిన్నెలు అందిస్తూ ఆవిడే అడిగింది.

“పిల్లల చదువులు, వీసాలు, వయసు, ఏవీ అడ్డం లేవనుకోండి. మళ్ళీ మొదట్నుంచీ ట్రైనింగ్ తీసుకునే చాన్స్ వస్తే ఏ పని నేర్చుకుంటారు?”

ఒకాయన పెళ్ళిళ్ళకు వంటమాస్టారు అవుతానన్నాడు. మా ఆయన క్రికెట్ అంపైర్ అన్నారు. అక్కడున్నవాళ్ళలో పెద్దాయన ఒక రిటైర్డ్ డాక్టరు గారు. ముప్పై ఏళ్ళకు పైగా మత్తు డాక్టరుగా పనిచేసిన మనిషి. ఆయన గిన్నెలోంచి తల ఎత్తకుండానే “టైలర్” అన్నారు. “కోట్లు కుట్టాలని ఉండేది. ఇప్పటికీ ఎవరైనా మంచి కోటు వేసుకుంటే లోపలివైపు తిప్పి చూడాలనిపిస్తుంది.”

నా వంతు వచ్చింది. అబద్ధం చెప్పడానికి టైమ్ చాలలేదు.

“బస్సు డ్రైవర్.”

అందరూ పగలబడి నవ్వారు. అందరికన్నా గట్టిగా మా ఆయనే నవ్వారు. “సూపర్ మార్కెట్ పార్కింగ్‌ల కారు పెట్టేందుకే నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ చేస్తది, బస్సంట!”

డాక్టరు గారు మాత్రం నవ్వలేదు. అందరూ చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు నా పక్కకు వచ్చి, “నీకేది అడ్డమమ్మా?” అని అడిగారు.

“భయమండీ అంకుల్.”

“ఇంకేమీ లేదా?”

“ఇంకేమీ లేదు.”

“అయితే త్వరగా చూసుకో. వయసు పెరిగేకొద్దీ అది తగ్గేది కాదు” అన్నారాయన. ధైర్యం చెబుతారేమో అనుకున్నాను. ఆ మాటతో ఉన్న ధైర్యం కూడా పోయింది.

బస్సు డ్రైవర్ అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు శ్రీశైలం వెళ్తుంటే ఎర్రబస్సులో సీట్లు దొరక్క మా నాన్న నన్ను డ్రైవర్ పక్కన ఇంజను మూత మీద, ఒక గోనెపట్టా వేసి కూర్చోబెట్టాడు. కింద వేడి, ఎదురుగా ఇంత పెద్ద అద్దం. ఘాట్ రోడ్డు మలుపుల్లో బస్సు తిరిగే ముందు ఒక్క క్షణం మా ముందు రోడ్డు ఉండేది కాదు. లోయ మీద గాలిలో ఉన్నట్టుండేది. డ్రైవర్ వక్క నములుతూ రెండు చేతులతో స్టీరింగు లాగేవాడు, అప్పుడు రోడ్డు మళ్ళీ కనిపించేది. వెనక్కి తిరిగి చూస్తే మా అమ్మతో సహా బస్సు బస్సంతా నిద్రపోతోంది. ఈ ఒక్క మనిషి కళ్ళు మూసుకుంటే చాలు, అనుకున్నాను. దిగిపోయి ఏడవాలనిపించింది. అదే సమయంలో ఆ సీట్లో నేను కూర్చోవాలనీ అనిపించింది. ఆ రెండూ అప్పటినుంచీ నాలో కలిసే ఉన్నాయి, ఒకటి లేకుండా రెండోది ఎప్పుడూ రాలేదు.

పాట్‌లక్ అయిన కొన్ని వారాలకు, స్కూలు బస్సులు నిలిపే యార్డు కంచెకు కట్టిన బోర్డు చూశాను. డ్రైవర్లు కావాలి, ట్రైనింగ్ మేమే ఇస్తాం అని ఉంది. ఇంట్లో చెప్పకుండా అప్లై చేశాను. రాదులే అనుకుని చేశాను. మూడో రోజే ఫోన్ వచ్చింది.

చెప్పినప్పుడు మా ఆయన ఈసారి నవ్వలేదు. “నీకేమన్నా అయితే?” అన్నారు. మళ్ళీ ఆయనే, “నీకు గాదు, ఆ పిల్లలకేమన్నా అయితే?” అన్నారు. అమ్మాయి వీడియో కాల్‌లో నా మొహంలోకి చూసి, “అమ్మా, ఆర్ యూ ఓకే? ఈజ్ దిస్ ఎ మిడ్‌లైఫ్ థింగ్?” అంది. ఇద్దరికీ నేను ఏదో సర్దిచెప్పాను. కానీ మా ఆయన అన్న రెండో మాట నా మెడ మీద ఎక్కి కూర్చుంది. ఈరోజు వరకూ దిగలేదు.

నాకు నేర్పినావిడ అరవై దాటిన మనిషి. పొడుగ్గా, కొంచెం వంగి నడుస్తారు. మాట తక్కువ. మొదటిరోజు ఖాళీ యార్డులో నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, ఏమీ చేయొద్దు, ఊరికే అద్దాలన్నీ చూడమన్నారు. పక్క అద్దాలు, వాటి కింద గుండ్రటి అద్దాలు, ముందు చక్రాల దగ్గర పిల్లలెవరైనా ఉంటే కనిపించడానికి ఇంకో రెండు, పైన లోపలి అద్దం. ఎందులో చూసినా నా వెనక ఇంత పొడవు బస్సు ఉంది. మలుపు తిప్పితే దాని తోక అవతలి వైపుకు విసురుగా వెళ్తుందని, అక్కడ మనిషి ఉంటే కొడుతుందని ఆవిడ చెప్పారు. ఆరోజు ఇంటికి వచ్చి నా కారు ఎక్కినా వెనకాల ఏదో ఉన్నట్టే అనిపించింది.

టెస్టు పాసయ్యాను. ఎలా పాసయ్యానో నాకు సరిగా గుర్తులేదు. చెమటకు తడిసిన చేతులు ప్యాంటుకు తుడుచుకోవడం గుర్తుంది.

నాకిచ్చిన రూటు ఊళ్ళో కాదు, ఊరు దాటాక పొలాల మధ్య. ఆ ప్రాంతమంతా చాప పరిచినట్టు చదునుగా ఉంటుంది. మొక్కజొన్న కోసేశాక మోళ్ళు, అక్కడక్కడా టొమాటోలు పండించే గాజు షెడ్లు, దూరదూరంగా ఇళ్ళు. ఒక్కో ఇంటి ముందు ఒకరో ఇద్దరో పిల్లలు బ్యాగులు వేసుకుని నిలబడి ఉండేవారు. చిన్నవాళ్ళను ముందు సీట్లలో, పెద్దవాళ్ళను వెనక కూర్చోబెట్టేదాన్ని. వాళ్ళు నన్ను మిస్ అనేవారు. పిల్లలందరినీ దించాక బస్సు చివరిదాకా నడిచి, ఏ సీట్లోనూ ఎవరూ నిద్రపోవడం లేదని చూసి, అక్కడున్న మీట నొక్కితే తప్ప ఇంజను కట్టేయగానే మోగే అలారం ఆగదు. రోజూ ఆ మీట నొక్కేటప్పుడు మాత్రమే నా భుజాలు కిందకు దిగేవి.

ఆ రూటులో ఒక రైల్వే క్రాసింగ్ ఉంది. గేటు లేదు, లైట్లు లేవు. మన పేపర్లలో కాపలా లేని లెవెల్ క్రాసింగ్ అని రాస్తారే, అటువంటిది. ఇంటూ గుర్తు పలక ఒక్కటే. స్కూలు బస్సు ఏ క్రాసింగ్ దగ్గరైనా ఆగి తీరాలి. పట్టాలకు కొంత దూరంలో ఆపాలి. ఫ్యాన్లు కట్టేయాలి, పిల్లలను మాట్లాడొద్దనాలి, తలుపు తెరిచి రెండు వైపులా చూడాలి, వినాలి. ఏమీ లేదని తేలాకే తలుపు మూసి, మధ్యలో ఆగకుండా దాటాలి. మామూలు రోజుల్లో అక్కడినుంచి చూస్తే పట్టాలు రెండు వైపులా ఆకాశం దాకా కనిపిస్తాయి. రైలు వస్తుంటే చాలా ముందే తెలుస్తుంది. అయినా ఆ పట్టాల మీద చక్రాలు ఎక్కిన ప్రతిసారీ నేను ఊపిరి బిగబట్టేదాన్ని.

నవంబరులో ఒక ఉదయం యార్డులో బయలుదేరేటప్పుడు ఆకాశం బాగానే ఉంది. పొగమంచు ఎక్కువగా ఉంటే ఆ ప్రాంతంలో బస్సులు రద్దు చేస్తారు. ఆరోజు రద్దు చేయలేదు. చివరి స్టాపులో అన్నాచెల్లెళ్ళిద్దరిని ఎక్కించుకుని తలుపు మూస్తుంటే, దూరాన సముద్రమంత ఉండే సరస్సు వైపునుంచి పొలాల మీదుగా తెల్లగా ఏదో నేలబారున వస్తూ కనిపించింది. అంత వేగంగా వస్తుందని నాకు తెలియదు. రెండు మైళ్ళు వెళ్ళేసరికి నా ముందు బస్సు ముక్కు తప్ప ఏమీ లేదు. వేగం తగ్గించాను. ఇంకా తగ్గించాను. రోడ్డు పక్క తెల్ల గీతను పట్టుకుని, కుంటుతున్నట్టు నడిపాను. వెనకనుంచి ఒక పిల్లాడు, “మిస్, మనం మబ్బులో ఉన్నాం!” అని అరిచాడు. అందరూ నవ్వారు. నేను తెల్ల గీత మీదనుంచి కళ్ళు తిప్పలేదు.

పక్కకు తీసి ఆపుదామంటే అక్కడ రోడ్డుకు అటూ ఇటూ లోతైన కాలువలు. బస్సుకు చోటు లేదు. క్రాసింగ్ వస్తోందని హెచ్చరించే పసుపు బోర్డు పక్కనుంచి జారిపోయింది. ఇంకాస్త ముందుకు పోనిచ్చాను. ఇంటూ పలక ఉన్నట్టుండి మంచులోంచి బయటపడింది. బ్రేకు వేశాను. హజార్డ్ లైట్లు వేశాను. ఫ్యాన్లు కట్టేశాను.

“ఎవరూ మాట్లాడొద్దు” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించిందేమో, పిల్లలు వెంటనే ఊరుకున్నారు.

తలుపు తెరిచాను. చల్లటి తడి గాలి లోపలికి వచ్చింది. కుడివైపు తెలుపు, ఎడమవైపు తెలుపు. పట్టాలు కనిపించలేదు. చెవులు రిక్కించాను. ఇంజను చప్పుడు, నా రక్తం చప్పుడు. అంతే.

అప్పుడు వినిపించింది. ఎక్కడో దూరంగా, పొడుగ్గా, లోతుగా ఒక కూత.

కుడివైపునుంచా, ఎడమవైపునుంచా? వెనకనుంచి వచ్చినట్టు కూడా ఉంది.

“ట్రెయిన్” అంది ముందు సీట్లోని చిన్నపిల్ల, గుసగుసగా.

“నో, అది షిప్. మా గ్రాండ్‌పా ఇంటి దగ్గర వినిపిస్తుంది” అన్నాడు దాని వెనకవాడు.

మంచు కమ్మినప్పుడు సరస్సు మీద పెద్ద ఓడలు కూత వేస్తాయి. అది నాకూ తెలుసు. కానీ ఓడ కూతకూ రైలు కూతకూ తేడా చెప్పమంటే, అటువంటి మంచులో, నాకు తెలియదు. వినేకొద్దీ అది రైలే అనిపించింది. మరికాస్త వింటే ఓడే అనిపించింది. కూత ఆగిపోయింది. ఆగడమే ఎక్కువ భయపెట్టింది.

బస్సులోని వైర్‌లెస్ రేడియోలో ఆఫీసును పిలిచాను. ఎక్కడున్నానో చెప్పి, “నాకు ఏమీ కనిపించడం లేదు. నేను దాటలేను” అన్నాను. అవతలి మనిషి కుర్రాడు కాదు, ఆ పనిలో పాతవాడు. కంగారు పడకుండా, స్తంభానికి చిన్న నీలం పలక ఉంటుంది, దాని మీద నంబరు చదవమన్నాడు. పిల్లలను వదిలి బస్సు దిగకూడదు. సీట్లోంచి వంగి, కళ్ళు చికిలించి ఒక్కో అంకే చదివాను. రైల్వేవాళ్ళకు ఫోన్ చేసి కనుక్కుంటాను, అంతదాకా కదలొద్దు అన్నాడు.

కదలొద్దు. ఆ మాట విన్నాక కొంచెం ప్రాణం కుదుటపడింది. వెంటనే వెనక అద్దంలో రెండు లైట్లు కనిపించాయి. ఏదో పికప్ ట్రక్కు. వచ్చి ఆగింది. కాసేపు ఊరుకుని హారన్ కొట్టింది. ఇంకోసారి కొట్టింది. హారన్ మోగినప్పుడల్లా రైలు వస్తుంటే వినిపించదేమోనని నాకు పిచ్చెత్తింది. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఆగమన్నట్టు ఊపాను. అతనికి ఏం అర్థమైందో, పక్కనుంచి నన్ను దాటుకుని, పట్టాల మీదుగా ముందుకు పోయాడు. నేను కళ్ళు మూసుకున్నాను. ఏ చప్పుడూ రాలేదు. కళ్ళు తెరిచేసరికి అతని వెనక లైట్లు మంచులో కలిసిపోతున్నాయి.

“మిస్, ఆయన వెళ్ళాడు కదా, మనం వెళ్ళొచ్చా?” అని అడిగారు ఎవరో.

“వెళ్ళం” అన్నాను.

అప్పుడు ఆలోచన వచ్చింది. ఆ పికప్‌వాడు నా లైట్లు చూసి ఆగాడు. తరువాత వచ్చేవాడు చూడకపోతే? ఆ రోడ్డు మీద గాజు షెడ్లకు పెద్ద పెద్ద లారీలు తిరుగుతాయి. వెనక సీట్లలో ఉన్న పెద్దపిల్లలను ముందుకు వచ్చి చిన్నవాళ్ళ పక్కన సర్దుకొమ్మన్నాను. ఎందుకని వాళ్ళు అడగలేదు. ఎనిమిదో క్లాసు పిల్ల ఒకతె నా మొహం చూసి, తన ఫోను జేబులో పెట్టేసి, తమ్ముడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ముందుకు పోతే రైలు, ఆగితే లారీ. ముందు సీట్లోని చిన్నపిల్ల ఏడవడం మొదలుపెట్టింది. దానికి చప్పుడు చేయొద్దని చెప్పానుగా, నోరు మూసుకుని ఏడ్చింది. ఆ ఏడుపు నేను జన్మలో మరిచిపోలేను.

లారీ నిజంగానే వచ్చింది. ముందు పసుపుగా వెలుగు, తరువాత బ్రేకుల కీచు. అద్దం నిండా లైట్లు పెరిగి పెరిగి, మా వెనక ఆగాయి. ఎంత దగ్గరగా ఆగిందో చూసే ధైర్యం నాకు లేదు.

అదే సమయంలో రేడియో పలికింది. “రైల్వేతో మాట్లాడాను. ఈ వేళకు రావాల్సిన రైలు ఇంకా విండ్సర్ రైల్వే యార్డు దాటలేదు. ఆపి ఉంచారు. నువ్వు దాటేదాకా ఆపుతారు. ఇప్పుడు వెళ్ళు.”

“ఖాయంగానా?”

“ఖాయంగా. ఇప్పుడే వెళ్ళు.”

తలుపు మూశాను. బ్రేకు మీదనుంచి కాలు తీయాలి. కాలు రాలేదు. నేను చెబుతున్నాను, అది వినడం లేదు. నేను చూడని మనిషి, నేను వినని ఫోనులో అడిగి చెప్పిన మాట మీద ఇంతమంది పిల్లలను పట్టాల మీదకు తీసుకెళ్ళాలి. రెండు చేతులతో మోకాలు పట్టుకుని పైకి లేపాను. ఇది ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు తప్ప.

బస్సు కదిలింది. ముందు చక్రాలు ఎక్కి దిగాయి. బస్సు అంత పొడవు ఉంటుందని అంతకుముందు నాకు తెలియనే తెలియదు. వెనక చక్రాలు రావు, రావు. కుడి కిటికీలోంచి చూస్తే పట్టాలు తడిగా మెరుస్తూ రెండు బారల దూరం పోయి తెలుపులో మాయమవుతున్నాయి. అక్కడినుంచే ఏదో వస్తుందని ఒళ్ళంతా ఎదురుచూసింది. వెనక చక్రాలు ఎక్కి దిగాయి. ఏమీ రాలేదు.

స్కూలు దగ్గర పిల్లలు ఒక్కొక్కరే దిగారు. ఏడ్చిన పిల్ల మెట్టు మీద ఆగి, “సాయంత్రం కూడా నువ్వే వస్తావా?” అని అడిగింది. రమ్మని అడిగిందో, వద్దని అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. వస్తానన్నాను. చివరిదాకా నడిచి మీట నొక్కి, ఆ ఆఖరి సీట్లో కూలబడ్డాను. మా ఆయనకు ఫోన్ చేశాను. నేను చెప్పింది మొత్తం విని, “మానెయ్. ఇయ్యాల్నే మానెయ్. ఎవరి కోసం ఇదంతా?” అన్నారు. సరిగ్గా ఆ మాట ఆయన నోటినుంచి వినాలనే ఫోన్ చేశాను. అనగానే కోపం వచ్చింది. “సాయంత్రం పిల్లల్ని ఎవరు దింపుతారు మరి?” అని పెట్టేశాను.

సాయంత్రానికి మంచు ఆనవాలు కూడా లేదు. ఎండ కాస్తోంది. అదే రోడ్డు, అదే క్రాసింగ్, ఇప్పుడు అవతలి వైపునుంచి. ఆగాను, తలుపు తెరిచాను. రెండు వైపులా ఎంత దూరమైనా కనిపిస్తోంది, రైలు లేదు. అప్పుడు ఎదురుగా, పొద్దున నేను ఆగిన చోటు చూశాను. బ్రేకు వేసినప్పుడు కుడి చక్రాలు రోడ్డు అంచు దాటి కంకరలోకి దిగినట్టున్నాయి. కంకర లేచిపోయి, తడి మట్టిలో జంట టైర్ల అచ్చు స్పష్టంగా ఉంది. అది వెనక చక్రాల అచ్చు. అది ఆగిన చోటునుంచి బస్సు ముందు భాగం ఎంతవరకు వస్తుందో లెక్కవేశాను. ఆగాల్సిన తెల్ల గీత దాటి, పలక దాటి, పట్టాలకు ఒక అడుగో అడుగున్నరో దూరంలో నా బస్సు ముక్కు ఉంది. రైలు పట్టాలకన్నా చాలా వెడల్పుగా ఉంటుంది.

అంటే అంతసేపూ, దాటనని పట్టుబట్టి కూర్చున్నంతసేపూ, మేము రైలు దారిలోనే ఉన్నాం. పట్టాలు కనిపించకపోవడానికి మంచు ఒక్కటే కారణం కాదు. అవి నా బస్సు ముక్కు చాటునే ఉన్నాయి.

పిల్లలను ఎలా దించానో తెలియదు. జాగ్రత్తగానే దించాను. యార్డుకు వచ్చి నాకు నేర్పినావిడను వెతికి, చూసింది చూసినట్టు చెప్పాను. ఆవిడ చేతిలో కాఫీ కప్పు ఉంది. దాన్ని పక్కన పెట్టేసి కుర్చీలో కూర్చున్నారు. తరువాత, “పద, ఆఫీసులో చెబుదాం. నేనూ వస్తాను” అన్నారు.

చెప్పాం. వాళ్ళు తిట్టలేదు. మర్నాడు ఇద్దరు వెళ్ళి ఆ చోటు చూసి వచ్చారు. మంచు పట్టే రోజుల్లో ఆ బస్సు గేటు ఉన్న క్రాసింగ్ మీదుగా చుట్టుతిరిగి వెళ్ళాలని, ఇకమీదట మంచు కనిపిస్తే ఆ రోడ్డులోకే రాకూడదని రూటు మార్చారు. కొన్నాళ్ళు నాకు బండి ఇవ్వకుండా మళ్ళీ ట్రైనింగులో పెట్టారు. ఆ పిల్లల తల్లిదండ్రులకు ఆఫీసువాళ్ళే చెప్పారు. ఒకావిడ ఇంకో డ్రైవరు కావాలందని విన్నాను. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని.

ఆ వారమంతా పడుకుంటే కంకర కనిపించేది. మా ఆయన ఇక మానెయ్యమని అనలేదు. పొద్దున్నే లేచి టీ పెట్టి ఇచ్చి, నేను ఏమంటానో అని చూసేవారు. ఒకరోజు ట్రైనింగ్ అయ్యాక నాకు నేర్పినావిడను అడిగాను, ఈ భయం పోతుందా అని.

“తెలియదు” అన్నారావిడ. “నాది రెండో ఏడాది పోయింది. పోయిందని సంతోషపడ్డానో లేదో గుర్తులేదు. నీది పోతుందో లేదో నేనెలా చెప్పను?”

పోతుందని చెప్పి ఉంటే బహుశా మానేసేదాన్ని. ఆ మాట మీద నమ్మకం కుదిరేది కాదు.

డిసెంబరులో మళ్ళీ నా రూటు నాకిచ్చారు. మొదటిరోజు ఆవిడ నా వెనక సీట్లో కూర్చున్నారు. ఆ క్రాసింగ్ వచ్చింది. ఆకాశం తేటగా ఉంది. తెల్ల గీతకు చాలా ముందే ఆపాను, అవసరమైనదానికన్నా ముందే. మాట్లాడొద్దని పిల్లలకు చెప్పడానికి లోపలి అద్దంలోకి తల ఎత్తాను. చెప్పాల్సిన అవసరం రాలేదు. అంతవరకూ ఒకటే గోలగా ఉన్న బస్సు, చక్రాలు ఆగీ ఆగకముందే చప్పబడిపోయింది. చిన్నవాళ్ళు కూడా తలలు కిటికీల వైపు తిప్పి వింటున్నారు. ముందు సీట్లోని ఆ పిల్ల రెండు చెవుల వెనకా చేతులు పెట్టుకుని మరీ వింటోంది.

వాళ్ళకు అది నేర్పింది నా భయమే. అందుకు సిగ్గుపడాలో వద్దో నాకు తేలలేదు.

అది జరిగి రెండేళ్ళయింది. ఇప్పటికీ ఆ రూటే నడుపుతున్నాను. చేతులకు చెమట పట్టడం తగ్గలేదు, అందుకే సీటు పక్కన చిన్న తువ్వాలు పెట్టుకుంటాను. అమ్మాయి ఫోన్ చేసినప్పుడల్లా వాతావరణం గురించి ముందు అడుగుతుంది, నా గురించి తరువాత. క్రాసింగ్ దగ్గర ఆగినప్పుడు పిల్లలు ఇప్పటికీ ఊరుకుంటారు. కొత్తగా చేరినవాళ్ళకు పాతవాళ్ళు వేలు పెదాల మీద పెట్టి చూపిస్తారు. తలుపు తెరుస్తాను. కుడివైపు చూస్తాను, ఎడమవైపు చూస్తాను, మళ్ళీ కుడివైపు చూస్తాను. వింటాను. తలుపు మూసి పోనిస్తాను. వెనక చక్రాలు దిగాక, ఎవరో ఒకరు ఏదో అంటారు, మళ్ళీ గోల మొదలవుతుంది.